మాటకూ మాటకూ మధ్య ఖాళీ

ఒంగోలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు కథ నిదానంగా చదివాను. బాగుంది. రాత్రంతా రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషిని, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళకు కరెంటు పోతే ఆయన పడే టెన్షన్‌ని, ఎక్కడా అతి చేయకుండా చూపించావు. ఆ చెరువుల పక్కన పెరిగినవాళ్ళు తప్ప ఇంకొకరు రాయలేని కథ అది. పాత్రల సంగతీ, ముగింపు సంగతీ ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇందులో ఒక్క విషయమే చెబుతాను. రెండు మూడు మాటలు కలిపి ఒక మాటగా వాడేచోట నీ ఇంగ్లీషు తడబడుతోంది. అదీ ఒకటి రెండు చోట్ల కాదు, పేజీ పేజీకీ. ఆ తడబాటు ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే సరిచేసుకోవడం నీకు కష్టమేమీ కాదు.

నీ మొదటి పేజీలో నుంచే ఒక మాట తీసుకుందాం. కథలో పెద్దాయనను 'స్మాల్ ప్రాన్ ఫార్మర్' అన్నావు. ఇందులో చిన్నది ఏది, రొయ్యా? రైతా? తెలుగులో 'చిన్న రొయ్యల రైతు' అన్నా అదే ఇబ్బంది. కానీ మాట్లాడేటప్పుడు మనం చప్పున సర్దుకుని 'రొయ్యలు సాగుచేసే చిన్న రైతు' అంటాం. ఇంగ్లీషులో రాసేసరికి ఆ జాగ్రత్త ఉండదు. మాటలు పక్కపక్కన పెట్టేస్తే అర్థం దానంతటదే వచ్చేస్తుందనుకుంటాం. 'ప్రాన్-ఫార్మర్' అని మధ్యలో హైఫన్ పెడితే చిన్నవాడు రైతేనని తెలుస్తుంది. దానికంటే మంచి దారి, దాన్ని విప్పేసి రెండెకరాల చెరువున్న రైతు అని రాయడం. 'చిన్న రైతు' ఆఫీసు కాగితాల్లో మాట. రెండెకరాలు అన్నప్పుడే మనిషి కనిపిస్తాడు.

ఈ విప్పడం అనే పని నీకు కొత్త కాదు. బళ్ళో తెలుగు మాస్టారు సమాసం ఇచ్చి విగ్రహవాక్యం రాయమనేవారు కదా? తిండిగింజలు అంటే తిండి కొరకు గింజలు, దొంగభయం అంటే దొంగ వల్ల భయం. మార్కుల కోసం బట్టీపట్టి పరీక్ష కాగానే అందరూ వదిలేసే ఆ పాఠం, ఇంగ్లీషు రాసేవాడికి దొరికిన అసలైన పనిముట్టు. నీ కథలోనే 'ఫిష్ ఫీడ్' ఉంది, 'ఫిష్‌మీల్' ఉంది. రెండింట్లోనూ మొదటి మాట చేపే. ఒకటి చేపల కొరకు మేత, రెండోది చేపలతో చేసిన పొడి. ఆ 'కొరకు', ఆ 'తో' రెండూ పైకి కనిపించవు. కనిపించని విభక్తిని రాసేవాడు మనసులో పెట్టుకోవాలి. నువ్వు రాసే ప్రతి జంటమాటకూ లోపల ఒక్కసారి తెలుగులో విగ్రహవాక్యం చెప్పుకో. చెప్పుకోలేకపోతే ఆ జంట అక్కడ నిలవదు.

పాశ్చాత్య భాషాశాస్త్రవేత్తలు కూడా ఈ రకాలకు మన వ్యాకరణం నుంచే పేర్లు తీసుకున్నారు. తత్పురుష, ద్వంద్వం, బహువ్రీహి అనే మాటలు ఇంగ్లీషు మాటల గురించి రాసిన పుస్తకాల్లో అవే పేర్లతో ఉంటాయి. బహువ్రీహి అంటే అందులోని మాటలు కాక వేరొకదాన్ని చెప్పే సమాసం. 'పిక్‌పాకెట్' చూడు. అది పాకెట్‌లో రకం కాదు, పాకెట్లు కొట్టేసే మనిషి. 'స్కేర్‌క్రో' కూడా కాకి కాదు, కాకుల్ని బెదరగొట్టే బొమ్మ. ముక్కంటి అంటే కన్ను కాదు, మూడు కళ్ళున్న శివుడు. మూడూ ఒకే దారి.

ఇంకో మేలు కూడా ఉంది. రెండు భాషల్లోనూ చాలాచోట్ల అసలు మాట చివర ఉంటుంది. చేపల చెరువు అంటే చెరువు, చెరువు చేప అంటే చేప. 'ఫిష్ పాండ్', 'పాండ్ ఫిష్' కూడా అంతే. మన వైపు ఎడ్ల పందేల గురించి ఎప్పుడైనా రాస్తే 'బుల్ రేస్'కీ 'రేస్ బుల్'కీ ఉన్న తేడా నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కాబట్టి వరస విషయంలో భయం లేదు.

మనం దెబ్బతినేది బహువచనం దగ్గర. నువ్వు 'ఫైవ్ ఏకర్స్ పాండ్' అన్నావు, 'టెన్ రుపీస్ నోట్' అన్నావు, ఒకచోట 'ప్రాన్స్ ఫీడ్' కూడా అన్నావు. ఇవి అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు, మన తెలుగు నాలుక నుంచి వచ్చినవి. మనం అయిదెకరాల చెరువు అంటాం, పది రూపాయల నోటు అంటాం, రొయ్యల మేత, పుస్తకాల షాపు, చేపల మార్కెట్టు అంటాం. తెలుగులో ముందుమాట బహువచనంలో నిలబడి '-ల' తగిలించుకుంటుంది. ఇంగ్లీషులో ముందుమాట చాలావరకు ఏకవచనంలోనే ఉండిపోతుంది. 'ఫైవ్-ఏకర్ పాండ్', 'టెన్-రుపీ నోట్', 'ప్రాన్ ఫీడ్', 'బుక్ షాప్'. షాపులో వెయ్యి పుస్తకాలున్నా అది బుక్ షాపే. గూడ్స్ ట్రైన్, సేవింగ్స్ బ్యాంక్, స్పోర్ట్స్ డే లాంటివి కొన్ని ఎదురు తిరుగుతాయి. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగువాళ్ళు రాసే ఇంగ్లీషు కథల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే, అందుకే ఇంత చెబుతున్నాను. తెలుగులో ఆలోచించడం మానుకోమని కాదు. తెలుగు '-ల' దగ్గర ఒక్క క్షణం ఆగు, అంతే.

మొత్తం మాటకు బహువచనం కావాలంటే అసలు మాటకే అది తగలాలి. 'సన్స్-ఇన్-లా', 'పాసర్స్-బై'. పిక్‌పాకెట్‌లో అసలు మాటే లేదు కాబట్టి చివర తగులుతుంది, 'పిక్‌పాకెట్స్' అని.

ద్వంద్వం దగ్గర మాత్రం జాగ్రత్త, అమ్మణ్ణీ. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కూరానారా అని జంటలు కట్టడం మనకు ఊపిరి లాంటిది. ఇంగ్లీషుకు ఆ అలవాటు తక్కువ. 'ఫాదర్-మదర్' వచ్చారు అని రాయకూడదు, 'పేరెంట్స్' అనో, మధ్యలో 'అండ్' పెట్టో రాయాలి. నీ కథలో ఇది ఒక్కచోటే ఉంది, పాత్ర నోట్లో ఉంది. ఆ మనిషి అలాగే మాట్లాడతాడు కాబట్టి దాన్ని అలాగే ఉంచెయ్యి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సన్నివేశం. ఆయన గట్టు మీద నిలబడి దక్షిణం వైపు ఆకాశంలో శ్రీహరికోట షార్ రాకెట్ వెలుగు చూస్తాడు. ఆ వెలుగు చూస్తూ చూస్తూ నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ శబ్దం ఆగిపోయిన సంగతి ఆలస్యంగా గమనిస్తాడు. అంత మంచి చోట 'రాకెట్ లిఫ్టాఫ్డ్' అని, కింద వాక్యంలోనే 'మోటార్ బ్రేక్‌డౌన్డ్' అని పడింది. మనం మాట్లాడేటప్పుడు బ్రేక్‌డౌన్ అయింది, లాగిన్ అయ్యాను, బ్యాకప్ తీశాను అంటాం. ఇంగ్లీషు నామవాచకం తీసుకుని దానికి 'అవు', 'చేయి', 'తీయి' తగిలిస్తాం. అందువల్ల ఆ మాట క్రియగా మారినప్పుడు విడిపోతుందన్న సంగతి మన చెవికి అందదు. నామవాచకంగా అవి ఒక్క మాట: లిఫ్టాఫ్, బ్రేక్‌డౌన్, కౌంట్‌డౌన్. కొందరు హైఫన్ పెడతారు. క్రియగా రెండు మాటలు. జరిగిపోయిన పని చెప్పాలంటే మార్పు మొదటి మాటలోనే జరగాలి: 'లిఫ్టెడ్ ఆఫ్', 'బ్రోక్ డౌన్'. అనుమానం వస్తే ఆ మాటను నిన్నటి సంగతిగా మార్చి చూడు. మధ్యలో మారితే రెండు మాటలన్నమాట.

చెవికి కూడా తేడా తెలుస్తుంది. నామవాచకంలో ఊనిక, అంటే ఒత్తి పలకడం, ముందుమాట మీద పడుతుంది, క్రియలో వెనక మాట మీద పడుతుంది. మొక్కలు పెంచే 'గ్రీన్‌హౌస్'లో ఊనిక 'గ్రీన్' మీద ఉంటుంది. పచ్చరంగు వేసిన ఇల్లు అనాలంటే 'హౌస్' కూడా గట్టిగా పలకాలి. తెలుగులో ఊనిక వల్ల అర్థం ఇలా మారదు కాబట్టి ఇది వినివిని పట్టుకోవాల్సిందే. నాకు ఎప్పుడూ వింతగా అనిపించే సంగతి ఒకటి చెబుతాను. ఇంగ్లీషువాళ్ళు వీధి పేరు 'స్ట్రీట్'తో ముగిస్తే ముందుమాటను ఒత్తుతారు, 'రోడ్'తో ముగిస్తే 'రోడ్'నే ఒత్తుతారు. మన ఒంగోలు కర్నూలు రోడ్డును వాళ్ళు పలికితే బరువు 'రోడ్' మీదే పడుతుంది. కారణం వెతకొద్దు, విని పట్టుకో.

ఇక కలిపి రాయాలా, విడిగా రాయాలా, హైఫన్ పెట్టాలా అన్నది తర్కంతో తేలదు. డిక్షనరీ తెరవడమే. ఇంగ్లీషువాళ్ళే దీన్ని మార్చుకుంటూ వస్తున్నారు. 'టుడే'ను ఒకప్పుడు మధ్యలో హైఫన్‌తో రాసేవాళ్ళు. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కొత్త ఎడిషన్ దాదాపు 16,000 మాటల్లో హైఫన్లు తీసేసింది. 'ఐస్ క్రీమ్' రెండు మాటలైంది, 'బంబుల్‌బీ' ఒక్కటైంది. 'పోస్ట్ ఆఫీస్' మాత్రం ఇన్నాళ్ళుగా వాడుతున్నా విడిగానే ఉంది. ఒక డిక్షనరీ ఎంచుకో. నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి, నీ కథలో పదేపదే వచ్చే మాటల్ని ఎలా రాయాలో ఒకేచోట రాసిపెట్టుకో. మొదటి పేజీలో కలిపి, ఎనిమిదో పేజీలో విడదీసి రాస్తే పత్రిక ఎడిటర్‌కు నీ మీద నమ్మకం తగ్గుతుంది.

డిక్షనరీ సాయపడని చోటు ఒకటుంది. విశేషణంగా మాటలు కూర్చేటప్పుడు హైఫన్ పని నీదే. జువ్వలదిన్నె హార్బర్ గురించి రాస్తూ 'ట్వంటీ ఇయర్ ఓల్డ్ బోట్స్' అన్నావు. మూడు మాటలనూ హైఫన్లతో కలిపితే ఇరవై ఏళ్ళ నాటి పాత బోట్లు. 'ట్వంటీ'ని విడిచి మిగతా రెండూ కలిపితే ఏడాది వయసున్న బోట్లు ఇరవై. ఒక చిన్న గీత ఒక రేవు మొత్తాన్ని కొత్తది చేస్తుంది, పాతది చేస్తుంది. నువ్వు చెప్పింది పాత బోట్ల గురించే కాబట్టి రెండు గీతలూ పెట్టు. అలాగే 'ఎవ్రీ డే' విడిగా రాస్తే ప్రతిరోజూ, కలిపి రాస్తే రోజువారీ అనే విశేషణం. ఆయన 'ఎవ్రీడే' గట్టు మీదికి వెళ్ళడు, 'ఎవ్రీ డే' వెళతాడు.

కరెంటు పోయిన వాక్యం దగ్గరికి వస్తాను. 'ఫీడ్ షెడ్ జనరేటర్ స్టార్టర్ బాక్స్ కీ' కనపడలేదని రాశావు. ఒక తాళంచెవికి ముందు అయిదు మాటలు. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం, ఇంగ్లీషులో ఇలా ఎన్నయినా పేర్చొచ్చు. కానీ అక్కడ రొయ్యలు చచ్చిపోతున్నాయి, ఆయన చీకట్లో తడుముకుంటున్నాడు. పాఠకుడు ఆ అయిదు మాటల్నీ మోసుకుంటూ చివరి మాట దాకా నడిస్తే గానీ ఏది పోయిందో తెలియదు. ముందు తాళంచెవి లేదని చెప్పు. అది దేని తాళంచెవో, ఎక్కడ ఉండాల్సిందో తర్వాత వాక్యంలో చెప్పు. ఇంగ్లీషులో 'ఆఫ్', 'ఫర్', 'ఇన్' అనే చిన్న మాటలున్నది ఇలాంటి చోట్ల కోసమే.

మన నెల్లూరు తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు రాశాడు. సంస్కృత సమాసాలు కూర్చడం రాక కాదు, ఆయన కావాల్సినచోట కూర్చాడు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట మాత్రం చిన్న చిన్న తెలుగు మాటలతో నడిపాడు. ఎక్కడ కట్టాలో, ఎక్కడ విప్పాలో తెలియడానికి ఆయన్ని చదువు. ఇంగ్లీషు రాయడానికి కూడా అది పనికొస్తుంది.

అలాగని కొత్త జంటలు కట్టడానికి వెనకాడకు. పాత ఇంగ్లీషు కవులు సముద్రాన్ని తిమింగలాల బాట అని ఒకే సమాసంలో చెప్పారు. ఇప్పటి ఇంగ్లీషు కూడా ఆ స్వేచ్ఛ ఇస్తుంది. తెలుగులో తెలుగు మాటకూ సంస్కృతం మాటకూ ముడిపెడితే కొన్నిచోట్ల వైరి సమాసమని పాత వ్యాకరణం ఒప్పుకోదు. ఇంగ్లీషుకు ఆ పట్టింపు లేదు. 'టెలివిజన్'లో సగం గ్రీకు, సగం లాటిన్. మన లాఠీని తీసుకెళ్ళి 'చార్జ్'కు కలిపి వార్తల్లో ధీమాగా రాస్తున్నారు. నువ్వు 'ఫిష్ పులుసు' అని రాసినందుకు భయపడొద్దు, బాగుంది. 'పులుసు కర్రీ' అని మాత్రం ఎక్కడా రాయకు. పులుసు అన్నాక కర్రీ అనక్కర్లేదు.

చివరగా కథ పేరు. 'ది నైట్‌వాచ్‌మన్' అని కలిపి పెట్టావు. టెస్ట్ క్రికెట్‌లో ఆట ముగిసే వేళ వికెట్ పడితే, మంచి బ్యాట్స్‌మన్‌ను కాపాడుకోవడానికి ముందుగా పంపే కింది వరస ఆటగాడిని ఇలాగే అంటారు. పేరు చూసి చాలామంది క్రికెట్ కథ అనుకుంటారు. 'నైట్' తీసేసి 'ది పాండ్ వాచ్‌మన్' అని పెట్టు. రాత్రి సంగతి మొదటి వాక్యంలోనే ఉంది. నేను పెన్సిల్‌తో గీసిన చోట్లన్నీ చూసుకుని, రెండో కాపీగా కథ మొత్తం తిరగరాసి పంపు. ముగింపు గురించిన ఉత్తరం అది చేరాకే రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు