బాల్కనీకి 27,000 ఎక్కువ పెట్టాలా?

అన్నా, చెన్నై నుంచి మూడు రాత్రుల షిప్పు, డిసెంబర్, మీ ఇద్దరు ప్లస్ అమ్మ, కిటికీ లేని గది నుంచి బాల్కనీ ఉన్న గదికి మారితే మనిషికి 9,000 ఎక్కువ అన్నారు. నేనైతే తీసుకోను.

ముందు ఆ 9,000 ముగ్గురికా, ఇద్దరికేనా అడగండి. కొన్ని కంపెనీలు మొదటి ఇద్దరి లెక్కనే కట్టించుకుంటాయి. పన్ను కలిసిందా లేదా కూడా అడగండి. ముగ్గురికీ అంటే రాత్రికి 9,000 పడ్డట్టు. పగలంతా పై డెక్కు మీదనో భోజనాల దగ్గరో ఉంటరు, చీకటి పడ్డంక బాల్కనీలోంచి కనిపించేది నల్లటి నీళ్లే.

అసలు సంగతి వేరే ఉంది. ఈశాన్య రుతుపవనాల టైంల బంగాళాఖాతం ఊగుతది. బస్సులో వెనక సీటు ఎగిరినట్టే షిప్పులో ముందు, వెనక, పై అంతస్తు గదులు ఎక్కువ ఊగుతయ్. అమ్మకు వాంతులయ్యే అలవాటుంటే కింది అంతస్తులో, నట్టనడుమ గదే మేలు. అప్‌గ్రేడ్ ఒప్పుకుంటే చాలాసార్లు గది నంబరు కంపెనీ వాళ్లిష్టం. స్విమ్మింగ్ పూల్ కిందో, డీజే హాల్ పక్కనో పడితే నిద్ర గోవిందా.

మూడో మంచం ఎట్లుందో తప్పకుండా అడగండి. గోడ నుంచి దించే పై బెర్త్ అయితే నిచ్చెన ఎక్కాలె, అమ్మకు కింద మంచం ఇచ్చి మీలో ఒకరు పైన పడుకోవాలె. గదిలో సోఫా మంచం వస్తదంటే మాత్రం అప్‌గ్రేడ్‌కు విలువుంది.

వెలుతురు లేకుంటే అమ్మకు ఊపిరాడనట్టు అనిపిస్తదా? అప్పుడు తెరవని కిటికీ ఉన్న గది రేటు అడగండి. అది మామూలుగా బాల్కనీ కన్నా తక్కువే. కాకుంటే లైఫ్‌బోటు అడ్డముందా అని డెక్ ప్లాన్‌ల, అంటే ఏ గది ఎక్కడుందో చూపే షిప్పు మ్యాప్‌ల, చూసుకోండి.