డ్రయ్యర్ కన్నా ముందు చేతిలో నగదు ఉండాలి

ప్రశ్న: మేం అరవై మంది చిన్న రైతులం. మొక్కజొన్న ఒకచోట చేర్చి, ఇంధనంగా వాడే ఇథనాల్ తయారుచేసే ఫ్యాక్టరీకి నేరుగా అమ్మాలని సంఘం పెట్టుకుంటున్నాం. నేను దాచుకున్న డబ్బు కూడా కలిపితే గింజలు ఆరబెట్టే డ్రయ్యర్, లారీ కొనొచ్చంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: లారీ వద్దు, బాడుగకు మాట్లాడుకోండి. డ్రయ్యర్ గురించి తర్వాత చెప్తాను. నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉన్నది మీ సంఘం రోజువారీ నగదు గురించి.

రైతుకు కాటా వేసిన రోజే డబ్బు కావాలి. కూలీలు, ఎరువుల బాకీ ఆగవు. ఫ్యాక్టరీ మాత్రం సరుకు దిగిన నెలకు చెల్లిస్తుందనుకుందాం. మీరు రెండు నెలలపాటు సమానంగా కొంటే, మొదటి చెల్లింపు అందేలోపే సగం పంట విలువ అక్కడ ఇరుక్కుని ఉంటుంది. అంత డబ్బు సంఘం ముందుగా సర్దుకోవాలి. లేదంటే రైతు వెంటనే డబ్బిచ్చే వ్యాపారికే అమ్ముకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం. అందుకని ఒప్పందంలో చెల్లింపు గడువు, ఆలస్యమైతే వడ్డీ ఎంతో తప్పకుండా రాయించండి. సీజన్ అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ కాగితమే మీకు బలం.

ఇక తేమ. 20 శాతం తేమతో వచ్చిన టన్ను గింజలు 14 శాతానికి ఆరితే సుమారు 930 కిలోలే ఉంటాయి. ఆ 70 కిలోల తరుగు ఎవరు భరించాలో ముందే రాసుకోండి, తేమ మీటరు కొని రైతు కళ్లెదుటే కొలవండి. ఆరని గింజకు బూజు పడితే వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం ఇథనాల్‌లోకి రాదు గానీ, మిగిలిన పిప్పిలో దాదాపు మూడింతలవుతుంది. ఆ పిప్పి పశువుల దాణాగా అమ్ముడుపోవాలి కాబట్టి ఫ్యాక్టరీ అలాంటి లోడును తిప్పి పంపేస్తుంది. కాబట్టి డ్రయ్యర్ అవసరమే. మొదటి సీజన్ అద్దెకు తెచ్చి, గింజ ఒలిచిన కండెలతోనే నడిపి చూడండి. ఖర్చు తగ్గుతుంది, ఇంధనం కోసం ఇంధనం తగలేసే పనీ ఉండదు.

ఎవరి పొలం ఎక్కడ, ఎంత పండిందో మొదటి రోజు నుంచే రాసిపెట్టండి. రేపు ఫ్యాక్టరీ యూరప్‌కు అమ్మాలనుకుంటే ఆ లెక్క పనికొస్తుంది. 2008 జనవరి తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన పంటతో చేసిన ఇంధనాన్ని యూరప్ తన హరిత లక్ష్యాల లెక్కలోకి తీసుకోదు.

మీ సొంత డబ్బులో ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టేయండి. మిగిలినదాంట్లో పావు వంతుకు మించి సంఘంలో వేయొద్దు, అదీ వాటాగా, రసీదుతో. సంఘం అప్పుకు మీ ఒక్కరి హామీ సంతకం అడిగితే మాత్రం దయచేసి పెట్టకండి.