మూడు రకాల మాత్రలు వేస్తున్నా పాపకి ఫిట్స్ ఆగట్లేదు

ప్రశ్న: అమ్మా, మాది రాజాం దగ్గర పల్లె. పాపకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. అయిదో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి. మొదట ఒక మాత్ర, తర్వాత రెండు, ఇప్పుడు మూడు రకాలు వేస్తున్నాం. అయినా వారానికి ఒకటో రెండో వస్తూనే ఉన్నాయి, ఎక్కువగా తెల్లవారుజామున. శ్రీకాకుళంలో చూపించాం, విజయనగరంలో చూపించాం, విశాఖ కూడా తీసుకెళ్లాం. వెళ్లిన చోటల్లా కొత్త చీటీ. ఈమధ్య లెవెటిరాసెటామ్ అనే మాత్ర మొదలుపెట్టాక పిల్లకి విపరీతమైన కోపం, తమ్ముణ్ణి కొరికేస్తోంది. బడిలో ఒకసారి పడిపోతే ‘తగ్గాక పంపండి’ అన్నారు. మా అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ‘ఆడపిల్ల, బయట తెలిస్తే రేపు ఎవరు చేసుకుంటారు’ అని రోజూ అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఇంకా ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి? బడి మాన్పించేయమంటారా?
– ఒక తల్లి, రాజాం మండలం

జవాబు: చివరి ప్రశ్నకే ముందు చెప్తాను. మాన్పించకండి. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

నేను డాక్టర్ని కానమ్మా. మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై రెండేళ్లు. మూడో ఏట మొదలైన ఫిట్స్ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాడు, జీతం రాగానే సగం బిర్యానీలకి తగలేస్తాడు. వాణ్ణి పెంచుతూ తెలుసుకున్నదీ, డాక్టర్లను అడిగి రాసుకున్నదీ చెప్తాను. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ డాక్టరు చెప్పాకే.

‘ఇంకా ఏ డాక్టరు’ అంటున్నారు. డాక్టర్లను మార్చుకుంటూ పోతే ప్రతి ఒక్కరూ మొదటి నుంచి మొదలుపెడతారు. పాత మాత్ర చాలినంత మోతాదులో, చాలినన్ని రోజులు వాడారా, లేక మధ్యలోనే మార్చేశారా అన్నది ఎవరికీ తెలియకుండా పోతుంది. అందుకని పాత చీటీలన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టండి. పైన ఒక తెల్ల కాగితం మీద మందు పేరు, ఎంత మోతాదు వరకు వెళ్లారు, ఎన్నాళ్లు వాడారు, ఎందుకు ఆపారు, ఇవి మీ చేత్తో రాయండి. అయిదు నిమిషాల్లో చూసి పంపే డాక్టరు కూడా ఆ కాగితం చూస్తే కాసేపు ఆగుతాడు.

రకానికి తగిన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛవ్యాధి నిపుణుల అంతర్జాతీయ సంఘం 2010లో పెట్టిన లెక్క ఇది. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందిది ఇదే పరిస్థితి. స్కాట్లాండ్ డాక్టర్లు 2000లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి, రెండో మందుతో ఇంకో 13 శాతం మందికి. ఆ తర్వాత మందులు మార్చినా, కలిపి ఇచ్చినా ఆగింది 4 శాతం మందికే. మీ పాపకి ఇప్పుడు మూడు నడుస్తున్నాయి. కాబట్టి ఈసారి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ‘ఇంకేమైనా మంచి మాత్ర ఉందా’ అని అడగడం మానేయండి. ‘ఇవి ఏ రకం ఫిట్స్? మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయి? ఆపరేషన్‌కి పనికొస్తుందేమో పరీక్ష చేయిస్తారా?’ అని అడగండి. రకం కూడా తేలాలి మరి. కార్బమజిపైన్ లాంటి మందు కొన్ని రకాల ఫిట్స్‌ని తగ్గించకపోగా పెంచుతుంది.

ఆపరేషన్ అనగానే గుండె జారిపోతుంది, నాకు తెలుసు. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మందులకు లొంగని మూర్ఛ ఉన్న, పద్దెనిమిదేళ్లు దాటని 116 మంది మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ అయినవాళ్లలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులే వాడుతూ ఉన్నవాళ్లలో 7 శాతం మందికే లేవు. రెండో పక్క కూడా చెప్పాలి: ఆపరేషన్ అయిన పిల్లల్లో మూడోవంతు మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి, వాళ్లలో ఎక్కువమందికి ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడ్డాయి. ఏ భాగంలో చేస్తారన్నదాన్ని బట్టి ఆ ప్రమాదం మారుతుంది. అందరికీ కుదరదు కూడా. మావాడికి పరీక్షలన్నీ చేశాక, రెండు వైపుల నుంచీ వస్తున్నాయి, కుదరదు అన్నారు. ఆరోజు బాధపడ్డాను గానీ, దాంతో ఊళ్లు తిరగడం ఆగిపోయింది. వాడి రకం తెలిసింది, మందులు నాలుగు నుంచి రెండుకి దిగాయి, వాడికి మగత వదిలింది.

మన వైపు వాళ్లకి దగ్గరది విశాఖ కేజీహెచ్ న్యూరాలజీ. అక్కడి నుంచి హైదరాబాద్ నిమ్స్‌కి గానీ, 1995 నుంచి మూర్ఛకి ఆపరేషన్లు చేస్తున్న తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థకి గానీ రాయించుకోవచ్చు. ఖర్చు సంగతి ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి, ప్రభుత్వ పథకంలో ఏది వస్తుందో, దేనికి చేతి డబ్బు పెట్టుకోవాలో వాళ్లే చెప్తారు. మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసే ఎంఆర్‌ఐ, కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి, వీడియోతో పాటు తలకి వైర్లు పెట్టి మెదడులోని కరెంటు గీతలు తీసే వీడియో ఈఈజీ, ఈ రెండూ ముఖ్యం. ఈఈజీకి ముందురోజు తలంటు పోయండి, నూనె రాయకండి, నూనె ఉంటే వైర్లు అతుక్కోవు. మామూలు ఈఈజీ నార్మల్ అని వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు.

దీనికి మీ వైపు నుంచి ఒక పని ఉంది. ఫిట్ వచ్చినప్పుడు ఇంట్లో ఇంకొకరిని ఫోన్లో వీడియో తీయమనండి. లైటు వేసి దుప్పటి తీసేయాలి. మొహంతో పాటు రెండు చేతులూ, కాళ్లూ కనపడాలి. మొదటి కొద్ది సెకన్లలో చాలా తెలుస్తుంది: తల ఎటు తిరిగింది, కళ్లు ఎటు పోయాయి, ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, మూతి ఏ పక్కకి లాగింది. తీస్తూనే పాపని పేరు పెట్టి పిలవండి. అయిపోయాక చెంచానో దువ్వెనో చూపించి ‘ఇదేంటమ్మా’ అని అడగండి, మాట రావడానికి ఎంతసేపు పట్టిందో అదీ రికార్డవ్వాలి. మావాడి వీడియోని ఒక డాక్టరు మాట ఆపేసి, వెనక్కి తిప్పి తిప్పి చూశారు. ఎడమ బొటనవేలు మిగతా చేతికన్నా ముందు కదులుతోందని మాకు చూపించారు. మీ పాపకి తెల్లవారుజామున వస్తున్నాయి కాబట్టి, వీలైతే మంచం ఎదురుగా చవకలో దొరికే సీసీ కెమెరా పెట్టుకోండి. అలారంలా నమ్ముకోవద్దు గానీ, ఫిట్ మొదలైన క్షణం అందులో దొరుకుతుంది. గోడ క్యాలెండర్ మీద ఫిట్ వచ్చిన రోజు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, పక్కన జ్వరం, నిద్ర చాలలేదు, మాత్ర తప్పింది, ఇలా ఒక్క ముక్క రాయండి.

కోపం గురించి. లెవెటిరాసెటామ్ వాడే పిల్లల్లో కొందరికి కోపం, మంకుపట్టు రావడం ఉన్నదే. పిల్ల చెడిపోలేదు, కొట్టి లాభం లేదు. తమ్ముణ్ణి కొరికిన సంగతి డాక్టరుకి చెప్పండి, మార్చడానికి దారులున్నాయి. మీరంతట మీరు ఆపేస్తే మాత్రం ఫిట్స్ ఒకదాని మీద ఒకటి వచ్చిపడొచ్చు. మీరు చెప్పని రెండు మందుల్లో సోడియం వాల్ప్రోయేట్ ఉందేమో చూడండి. ఉంటే, పాప పెద్దమనిషి కాకముందే దాని గురించి డాక్టరుతో మాట్లాడాలి. గర్భంలో బిడ్డకి హాని చేసే మందు కాబట్టి ఆడపిల్లల విషయంలో ముందుచూపు అవసరం. ఇంకోటి, మెడికల్ షాపులో ‘ఆ కంపెనీ లేదు, ఇది కూడా అదే’ అంటే తలూపకండి. ఇలా ఫిట్స్ అదుపులో లేని పిల్లలకి డాక్టర్ని అడక్కుండా కంపెనీ మార్చకూడదు. పండక్కి పుట్టింటికి వెళ్తే పది రోజుల మాత్రలు అదనంగా సంచిలో ఉండాలి.

కీటోజెనిక్ డైట్ అని ఒకటి వింటూ ఉంటారు. 1921 నుంచి వాడుకలో ఉన్నదే, కొందరు పిల్లలకి బాగా పనిచేస్తుంది. కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం దాదాపు లేని తిండి. అన్నం, చోడి అంబలి, అరటిపండు లేకుండా మన ఇళ్లల్లో పిల్లని కూర్చోబెట్టడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు. దగ్గు సిరప్‌లో ఉన్న చక్కెర కూడా లెక్కే. కిడ్నీలో రాళ్లు, మలబద్ధకం వచ్చే వీలుంది, ఈ డైట్ అసలు పడని జబ్బులూ కొన్ని ఉన్నాయి. కాబట్టి రక్తపరీక్షలు, డైటీషియన్, డాక్టరు మూడూ ఉంటేనే. యూట్యూబ్ చూసి మొదలుపెట్టేది కాదు.

ఇక బడి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి చదువు హక్కని 2009 చట్టం చెప్తోంది, ఫిట్స్ ఉన్నాయని బయట కూర్చోబెట్టడానికి లేదు. కానీ చట్టం పట్టుకుని వెళ్లేకంటే ఒక కాగితం పట్టుకుని వెళ్లండి, టీచర్లకి ఉన్నది భయం. పాప ఫొటో, మీ ఫోన్ నంబరు, మందుల పేర్లు, కింద ఈ నాలుగు మాటలు: పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి. నోట్లో చెంచా, నీళ్లు, ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టకండి, గట్టిగా పట్టి ఆపకండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఆగని ఫిట్‌ని ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే దొరుకుతుంది, పాప బరువుకి ఎన్ని పఫ్‌లో డాక్టరు చేత రాయించుకుని ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో ఉంచండి. చెరువు దగ్గరికి ఒంటరిగా వద్దు, స్నానాల గది గడియ వేయొద్దు, పొయ్యి దగ్గర పని చెప్పొద్దు. ఇవి తప్ప మిగతా ఆటలన్నీ ఆడనివ్వండి.

మీ అత్తగారితో తాయెత్తు మీద గొడవ పడకండి. ఉంటే ఉండనివ్వండి, దాని వల్ల మాత్ర తప్పనంత వరకు. వాతలు పెట్టిస్తాను, ఉపవాసం ఉంచుతాను అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆవిడకే పని అప్పజెప్పండి: రాత్రి ఎనిమిది గంటల మాత్ర ఆవిడ చేత్తో వేయమనండి, వారంలో రెండు రాత్రులు పాప పక్కన ఆవిడ పడుకుంటే ఆ రెండు రాత్రులూ మీరు వేరే గదిలో పడుకోండి. మీకు నిద్ర లేకపోతే మాత్రల లెక్క తప్పుతుంది. పెళ్లి మాటకి జవాబు కూడా చెప్పండి. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే మాటని 1999లోనే చట్టం నుంచి తీసేశారు. దాచి చేసిన సంబంధాల్లో పిల్ల మాత్రలు కూడా దాచుకుని మింగాల్సి వస్తుంది, నేను చూశాను.

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్లు, ఫిట్స్ ఉన్నాయి. ఈసారి విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూస్తానని ఒకటే గొడవ. మా ఆయన వద్దంటున్నారు. తీసుకెళ్లొచ్చా?
– గృహిణి, నెల్లిమర్ల

జవాబు: తీసుకెళ్లండమ్మా. ముందురోజు తొలేళ్ల రాత్రి జాగారం మాత్రం వద్దు. నిద్ర చాలకపోవడమే ఈ పిల్లలకి పెద్ద శత్రువు. మంగళవారం మధ్యాహ్నం కడుపునిండా తినిపించి, తెలిసినవాళ్ల ఇంటి దగ్గర నీడ చూసుకుని కూర్చోండి. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి తోపులాటలోకి దిగక్కర్లేదు. మేడ ఎక్కితే పిట్టగోడ దగ్గర నిలబడనివ్వకండి. సాయంత్రం మాత్ర, నీళ్ల సీసా, స్ప్రే మీ సంచిలో కాకుండా మీ ఆయన జేబులో పెట్టండి. వద్దన్నది ఆయనే కాబట్టి పక్కనే ఉంటారు.