‘రహస్యం’ అని రాస్తే సరిపోదు తల్లీ

ప్రశ్న: మాస్టారూ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా నాన్న వరికి నానో యూరియా, అంటే అతి సూక్ష్మ కణాలతో సీసాలో వచ్చే ద్రవ ఎరువు, కొట్టారు. అది మట్టిలో, నీళ్లలో ఏమవుతుందో పరీక్షల నివేదికలు ఇమ్మని సమాచార హక్కు కింద ఒక కేంద్ర కార్యాలయాన్ని అడిగితే ‘రహస్యం, ఇవ్వలేం’ అని ఒక్క ముక్క రాసి పంపారు. నానో అంటే అంతా దేశ రక్షణ రహస్యమేనా?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: కాదమ్మా. ఆ ముక్క చూసి ఊరుకోకు.

దాచాల్సినవి ఉంటాయి, కాదనను. రాడార్‌కు దొరక్కుండా విమానానికి పూసే పూతలాంటివి బయటపెట్టమని నేనూ అడగను. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ మినహాయింపు ఉంది. అక్కడ కూడా అవినీతి, మానవ హక్కుల ఆరోపణలుంటే చెప్పాల్సిందే. రక్షణకు పనికొచ్చే ఆవిష్కరణను పేటెంట్ చట్టం కింద గోప్యంగా ఉంచినా, ఆ గోప్యత ఇంకా అవసరమా అని ఆరు నెలలకోసారి చూడాలి.

మడిలో కొట్టిన ఎరువు సంగతి వేరు. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద దాన్ని కేంద్రమే నోటిఫై చేసింది. అప్పటి లెక్కన అరలీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. సీసా బస్తాకు సమానమని రైతుకు చెబుతున్నారు. ఆకు ఎంత పీల్చుకుంటోంది, మిగిలింది ఎటు పోతోంది? ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఈ తేడా చూస్తే నాకు మనసు ఊరుకోదు. ఆ కాగితాలు మీ నాన్నగారి చేతికి రావాలి. నానో పరిశోధనల కోసం కేంద్రం పెట్టిన నానో మిషన్‌కు 2007లో అయిదేళ్లకని కేటాయించిన వెయ్యి కోట్లూ మన పన్నులే కదా!

ఇక నీ పని. తిరస్కరిస్తే కారణం, అప్పీలు గడువు, ఎవరికి చేసుకోవాలో రాయాలని సమాచార హక్కు చట్టం 7(8) సెక్షన్ చెబుతోంది. నీ కాగితంలో అవేవీ లేవు. జవాబు అందిన 30 రోజుల్లో అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి రాయి. తిరస్కరణ సరైనదేనని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే, నువ్వు కాదు, 19(5) చూడు. అది కంపెనీ రహస్యమని వాళ్లంటే, ప్రజాప్రయోజనం అంతకన్నా పెద్దదైతే ఇవ్వాలని 8(1)(డి)లోనే ఉంది. ఏదో ఒక పేజీలో రహస్యం ఉంటే అది తీసేసి మిగతావి ఇమ్మని 10వ సెక్షన్ చూపించు.

అన్నట్టు, మీ పొలాల నీళ్లు మళ్లీ కాలువలోకే దిగుతాయి. అప్పీల్లో నీళ్ల ప్రశ్నే మొదట రాయి.