గోడకు నోటీసు అంటించారు, 7 రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలా?

ప్రశ్న: మా బస్తీలో 22 ఏళ్లుగా ఉంటున్నాం. మా అత్తగారు అప్పట్లో నోటరీ కాగితం మీద స్థలం కొన్నారు. కరెంటు మీటరు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదులు ఉన్నాయి. ఇది ప్రభుత్వ స్థలమని, 7 రోజుల్లో ఖాళీ చేయాలని మొన్న తహసీల్దారు కార్యాలయం వాళ్లు గోడలకు కాగితాలు అంటించి వెళ్లారు. మా వెనకే అదే సర్వే నంబరులో ఉన్న ఫంక్షన్ హాలు జోలికి మాత్రం వెళ్లలేదు. మాకు ఏ హక్కూ లేదా? (ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా మీకు రుచించని మాట చెప్పాలి. నోటరీ కాగితం వల్ల స్థలంపై యాజమాన్యం రాదు. ఇంటి పన్ను, కరెంటు బిల్లు కట్టినందువల్ల కూడా రాదు. దీర్ఘకాల అనుభవం వల్ల హక్కు వచ్చిందని ప్రభుత్వంపై వాదించాలంటే లిమిటేషన్ చట్టం ప్రకారం కనీసం 30 ఏళ్ల స్వాధీనం చూపించాలి. కాబట్టి ‘ఈ స్థలం మాదే’ అన్న ఒక్క వాదన మీదే కేసు నడిపితే మీరు ఓడిపోయే అవకాశమే ఎక్కువ. అయితే స్థలం మీది కాకపోవడం వేరు, మిమ్మల్ని ఎలాగైనా వెళ్లగొట్టవచ్చుననడం వేరు. బస్తీవాసులకు కోర్టుల్లో ఊరట దొరికిన చాలా కేసుల్లో అది పట్టా చూసి ఇచ్చింది కాదు, అధికారులు పాటించని పద్ధతిని చూసి ఇచ్చింది.

ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇటువంటి ఖాళీ చేయింపులు 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద జరుగుతాయి. 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించే ముందు, 7వ సెక్షన్ ప్రకారం ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పుకోవడానికి మీకు నోటీసు ఇచ్చి, మీ సంజాయిషీని పరిశీలించి, ఆ తరువాతే ఉత్తర్వు ఇవ్వాలి. మీ గోడ మీది కాగితాన్ని ఒకసారి జాగ్రత్తగా చదివించుకోండి. అందులో సంజాయిషీ అడిగారా, లేక నేరుగా ఖాళీ చేయమని ఆదేశించారా? రెండవదైతే మీ కేసుకు అదే మొదటి బలం. ఇంకొక మాట: చిరకాలంగా ఒకరి స్వాధీనంలో ఉన్న భూమి యాజమాన్యంపై నిజాయితీగల వివాదం ఉన్నప్పుడు ఈ చట్టం కింద చిటికెలో ఖాళీ చేయించడం కుదరదని, ప్రభుత్వం సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందేనని సుప్రీంకోర్టు 1982లో హైదరాబాద్‌లోని హబ్సిగూడ భూములకు సంబంధించిన కేసులోనే తేల్చింది. మీ అత్తగారికి అమ్మిన వ్యక్తికి ఆ భూమి ఎలా వచ్చిందో చూపే పాత కాగితం ఏదైనా దొరికితేనే ఈ వాదన మీకు పనికొస్తుంది. దాని కోసం వెతకండి.

ఇక కూల్చివేత సంగతి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, స్థానిక చట్టంలోని గడువు లేదా నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు ఆగకుండా నిర్మాణాన్ని కూల్చకూడదు. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో రావాలి, గోడకూ అంటించాలి, ఆ విషయం కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్‌లో తెలపాలి. మిమ్మల్ని స్వయంగా పిలిచి విని, కారణాలతో తుది ఉత్తర్వు ఇచ్చాక కూడా మరో 15 రోజులు ఆగాలి. ఈమెయిల్ నిబంధన కోర్టు ఊరికే పెట్టలేదు. పాత తేదీ వేసిన నోటీసును నిన్న రాత్రి అంటించి, గడువు ముగిసిందంటూ పొద్దున్నే జేసీబీతో రావడం కొత్త విషయమేమీ కాదు. అందుకని కాగితం గోడ మీద ఉండగానే, చుట్టుపక్కల ఇళ్లు కూడా కనబడేలా ఫోన్‌తో ఫొటో తీయండి. పోస్టు కవరు వస్తే ముద్రతో సహా దాచండి.

అయితే ఈ తీర్పుకు మినహాయింపులున్నాయి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క స్థలం, నది, చెరువు వంటి జలవనరులలోని అనధికార నిర్మాణాలకు, కోర్టే కూల్చమన్న నిర్మాణాలకు ఈ రక్షణ వర్తించదు. మీ ఇల్లు అలాంటి చోట ఉందని అధికారులు తరువాత మాట మార్చవచ్చు. సర్వే చేసి హద్దులు చూపించమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

ఫంక్షన్ హాలు గురించి మీరు అడిగినది న్యాయమైన ప్రశ్నే గానీ, కోర్టులో మీరు ఆశించినంత బలమైన వాదన కాదు. వాళ్లను వదిలేశారు గనుక మమ్మల్నీ వదలండి అనడానికి సమానత్వ హక్కునిచ్చే రాజ్యాంగం 14వ అధికరణం ఒప్పుకోదు. చట్టవిరుద్ధంలో సమానత్వం లేదని కోర్టులు పదే పదే చెప్పాయి. పెద్ద భవనం యజమానికి క్రమబద్ధీకరణ పథకం, రుసుము, స్టే ఉత్తర్వు దొరుకుతుంటే పక్కనే రేకుల ఇంటివారికి 7 రోజుల గడువు దొరకడం మన నగరాల్లో రోజూ కనిపించే అసమానతే. దానిని కోర్టు ముందుకు తేవడానికి దారి వేరు. ఆ సర్వే నంబరులో ఎవరెవరికి నోటీసులు ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబు మీ కేసు మొదటి విచారణకు అందకపోవచ్చు, కానీ అధికారి ఉద్దేశాన్ని ప్రశ్నించడానికి ఆ తరువాత పనికొస్తుంది.

పునరావాసం విషయంలో చట్టం మీ వైపు సగమే ఉంది. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని అంటూనే, ఫుట్‌పాత్‌ను ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదని చెప్పింది. అదే తీర్పులో, 20 ఏళ్లకు పైబడి ఉండి, సౌకర్యాలు కల్పించి అభివృద్ధి చేసిన బస్తీలను ప్రజాప్రయోజనం కోసం తప్ప తొలగించకూడదని, తొలగిస్తే వేరే చోటు చూపించాలని పేర్కొంది. మీవి 22 ఏళ్లు. అందుకే మీరు కొట్టిపారేసే కాగితాలే ఇక్కడ విలువైనవి. పిల్లల బడి బోనఫైడ్ సర్టిఫికెట్, పాత ఓటర్ల జాబితా, మొదటి కరెంటు బిల్లు యాజమాన్యాన్ని రుజువు చేయవు గానీ, ఎప్పటి నుంచి అక్కడ ఉన్నారో రుజువు చేస్తాయి.

ఎవరైనా కేవియట్ వేయమని చెబితే డబ్బు ఇవ్వకండి. అవతలివారు కోర్టుకు వెళ్తారనుకున్నప్పుడు, మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోర్టును ముందే కోరుతూ వేసేది కేవియట్. ఇక్కడ తహసీల్దారు కోర్టుకు వెళ్లరు, నేరుగా మీ ఇంటికే వస్తారు. ‘స్వచ్ఛందంగా ఖాళీ చేస్తున్నాం’ అని రాసిన కాగితంపై గానీ, తెల్ల కాగితంపై గానీ సంతకం పెట్టవద్దు. కూల్చివేతకు వస్తే ఫోన్‌లో చిత్రీకరించండి, కానీ ఎవరి మీదా చేయి వేయవద్దు. విధులకు ఆటంకం కేసు పడితే అసలు కేసు పక్కకు పోతుంది.

ఇప్పుడు చేయవలసినది రెండు రోజుల పని. ఒక్కొక్క కుటుంబం విడిగా సంజాయిషీ రాసి, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. గడువు ముగియకముందే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ (అధికారుల చర్యను నేరుగా ప్రశ్నించే పిటిషన్) వేయండి. సివిల్ దావా అయితే ప్రభుత్వానికి మామూలుగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, మీకు అంత వ్యవధి లేదు. రిట్‌లో స్థలం మీదని ప్రకటించమని కాక, సంజాయిషీ పరిశీలించి ఉత్తర్వు ఇచ్చేవరకు ఇళ్ల జోలికి రాకూడదని, తొలగించాల్సి వస్తే ముందు ప్రత్యామ్నాయం చూపించాలని అడగండి. వకీలు ఫీజు గురించి వెనకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. అందుచేత పిటిషన్ మీ పేరున వేయడమే మంచిది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.