గేర్‌బాక్స్ మళ్లీ దించే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ట్రక్కు క్లచ్‌ను నీ చేతులతో నువ్వే మార్చుకున్నావనీ, ఇంజిన్ నడుస్తుండగా మొదటి గేరూ రివర్సు గేరూ కరకరలాడుతూ మొరాయిస్తున్నాయనీ, ఇంజిన్ ఆపితే మాత్రం అన్ని గేర్లూ సులువుగా పడుతున్నాయనీ రాశావు. ఆ చివరి మాట రాయడం మంచిదయింది. దానితో గేర్‌బాక్స్ మీద అనుమానం చాలావరకు తీరింది. నువ్వు పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ ప్లేటు, ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రమైన ఫ్లైవీల్‌ను వదలడం లేదు. కారణం తేలేదాకా గేర్‌బాక్స్ బోల్టుల జోలికి వెళ్లకు.

లోపం క్లచ్‌ను కప్పి ఉంచే హౌసింగ్ బయట ఉందా, లోపల ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఎవరినైనా పెడల్‌ను నెమ్మదిగా చివరిదాకా తొక్కమను. ఆ సమయంలో నువ్వు, పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్ ద్వారా అందుకుని క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ రాడ్ ఎంత దూరం జరుగుతోందో స్కేలుతో కొలిచి, నీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చి చూడు. ఒక బండి కొలత మరొక బండికి పనికిరాదు. రాడ్ చాలినంత జరగకపోతే లోపం బయట, అంటే పెడల్ నుంచి స్లేవ్ సిలిండర్ వరకు ఉన్న దారిలోనే ఉంది. సరిగ్గా జరుగుతున్నా ప్లేటు వదలకపోతే లోపం లోపల ఉంది.

పని చేసేటప్పుడు ఫ్లూయిడ్ పైపు విప్పి ఉంటే నా మొదటి అనుమానం గాలి మీదే. ఫ్లూయిడ్ నొక్కుకుపోదు గానీ గాలి నొక్కుకుపోతుంది కాబట్టి, నీ కాలి బలం రాడ్ దాకా చేరదు. పెడల్‌ను వెంటవెంటనే మూడు నాలుగు సార్లు తొక్కినప్పుడు గేరు పడితే ఆ అనుమానం బలపడుతుంది. స్లేవ్ సిలిండర్ మీద గాలి తీయడానికి ఉన్న నిప్పిల్‌కు గొట్టం తగిలించి, పెడల్ తొక్కి ఉంచినప్పుడే నిప్పిల్ వదులు చేసి, పెడల్ పైకి వదిలే ముందే బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేస్తూ, డబ్బాలో ఫ్లూయిడ్ అడుగంటకుండా చూసుకో; అడుగంటితే చేసిన శ్రమంతా వృథా. మూత మీద రాసి ఉన్న రకం ఫ్లూయిడే పోయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ పోయవలసిన చోట ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. గాలి పోయాక కూడా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా దిగిపోతుంటే, బయట ఎక్కడా కారడం కనిపించకపోతే, పెడల్ వైపు ఉండే మాస్టర్ సిలిండర్ సీళ్లను అనుమానించు.

ఇక లోపలి సంగతి. కొత్తలో నేనూ ఒకసారి ప్లేటును తిరగేసి బిగించాను. దాని మధ్య భాగం, అంటే హబ్, ఫ్లైవీల్ బోల్టులను తాకడంతో ఎంత తొక్కినా వదలలేదు. ఒక రోజు పని రెండు రోజులయింది. ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో సాధారణంగా ప్లేటు మీదే ముద్రించి ఉంటుంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు, ప్లేటులోకి దూరే గేర్‌బాక్స్ షాఫ్టు మీద వేలాడినా, సరిగ్గా ఇమడని గేర్‌బాక్స్‌ను బోల్టులతో లాగినా ప్లేటు వంగుతుంది. వంగిన ప్లేటు ఎక్కడో ఒకచోట రాస్తూనే ఉంటుంది. ఆ షాఫ్టు కొసను ఇంజిన్ వైపు పట్టి ఉంచే పైలట్ బేరింగ్ పట్టేసినా షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు కూడా గేరు ఇలాగే కరకరలాడుతుంది.

బండి కదలడం మొదలుపెట్టేటప్పుడు వణికితే మాత్రం దారి వేరు: ప్లేటు మీద రాపిడి పొర అయిన లైనింగ్‌కు గ్రీజు అంటిందా, ఫ్లైవీల్ మీద మాడిన మచ్చలు ఉన్నాయా చూడాలి. పెడల్ తొక్కినప్పుడే శబ్దం వస్తే, క్లచ్‌ను నొక్కి వదిలించే రిలీజ్ బేరింగ్‌ను చూడు.

గేర్‌బాక్స్ దించక తప్పకపోతే ఒంటరిగా పూనుకోకు, జాకీ లేనిదే ముట్టుకోకు. పాత లైనింగ్ ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడువు. తిరిగి ఎక్కించేటప్పుడు, తలలు కోసిన రెండు పొడవాటి బోల్టులను ఇంజిన్ వైపు రంధ్రాల్లో బిగించి, వాటి మీదుగా గేర్‌బాక్స్‌ను నెట్టితే బరువు షాఫ్టు మీద పడదు.

అంతకంటే ముందు రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో, పెడల్‌ను వరుసగా తొక్కితే గేరు పడిందో లేదో నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య