వీడియోలోంచి తీసిన ఫ్రేములను మళ్లీ క్లిప్‌గా చేస్తే నిడివి ఎందుకు మారుతోంది?

25 సెకన్ల వీడియోలోంచి 750 ఫ్రేములను (అంటే వీడియోలోని ఒక్కో బొమ్మను) ఫొటోలుగా తీసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో ప్రోగ్రాంతో మళ్లీ కలిపితే 30 సెకన్లు వచ్చిందన్నారు కదా, తప్పు ఫొటోల్లో లేదు. తాను ఎంతసేపు కనిపించాలో ఫొటోకి తెలియదు. మీ వీడియో సెకనుకు 30 ఫ్రేములది, మీరేమీ చెప్పకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ 25 అనుకుంటుంది, అందుకే సాగింది. ఫ్రేమ్‌రేట్ ఆప్షన్‌లో 30 అని ఇవ్వండి, అదీ ఇన్‌పుట్ ఫైల్ పేరుకు ముందే రాయాలి, తర్వాత -r ఆప్షన్‌తో 30 అని రాస్తే ముందు 25 లెక్కన చదివేసి, ఆపైన కొన్ని ఫ్రేములను రెండుసార్లు వాడి 30 చేస్తుంది, నిడివి మాత్రం అలాగే ఉంటుంది.

ఫైళ్ల పేర్లు 0001, 0002 అని వరసగా ఉంటే మంచిది. మధ్యలో కొన్ని డిలీట్ చేసి ఉంటే అక్కడే ఆగిపోవచ్చు (నాకు ఇలాగే ఒక రాత్రంతా పోయింది).

క్లిప్ కొన్ని ప్లేయర్లలో నల్లగా వస్తే పిక్సెల్ ఫార్మాట్‌ను (రంగులను ఫైల్లో దాచే పద్ధతిని) చాలా ప్లేయర్లు చదవగలిగే వైయూవీ420పీ చేయండి, దానికి వెడల్పు, ఎత్తు రెండూ సరిసంఖ్యలై ఉండాలి. ఫొటోల్లో సౌండ్ ఉండదు కాబట్టి ఆడియోని పాత వీడియో నుంచే తెచ్చి కలుపుకోవాలి.